అత్త నోరు కాల్చిన పెనం

మా వంటింటి గోడకి పదకొండు మేకులున్నాయి. ప్రతి మేకుకీ ఒక పోత ఇనుప సామాను వేలాడుతుంది. అట్ల పెనాలు, వేపుళ్ల మూకుళ్లు, పొంగడాలు వేసే గుంటల పెనం, అడుగు మందంగా ఉండే దిబ్బరొట్టె మూకుడు. ఒక్కటీ కొత్తది కాదు. ఒక్కటీ పుట్టింటి నుంచి వచ్చింది కాదు. అన్నీ టెక్కలి, సోంపేట, మందస పాత ఇనుము కొట్లలో తుక్కు కుప్పల్లోంచి నా చేత్తో నేను ఏరి తెచ్చుకున్నవే. పలాస మొత్తం మీద ఇలాంటి గోడ ఇంకొకరింట్లో ఉంటే చూపించమనండి, నా పెనాలన్నీ వాళ్లకిచ్చేస్తాను. ఇవ్వను లెండి, మాటవరసకి అన్నాను.

నేను జీడిపిక్కల ఫ్యాక్టరీలో పప్పు మీద పొర తీసే పనిలో ఉన్నాను. మా ఆయన ఆటో తోలుతాడు. తుఫాను వచ్చి ఉద్దానంలో కొబ్బరిచెట్లన్నీ పడగొట్టిపోయిన ఏడాది, కూలిన ఇళ్లలోని ఇనుమంతా తుక్కు కొట్లకి చేరింది. ఆ రోజుల్లోనే ఒకసారి టెక్కలిలో బస్సు కోసం నిలబడి ఉంటే, పక్క కొట్టు ముందు విరిగిన సైకిళ్ల మధ్య ఒక మూకుడు బోర్లా పడి కనిపించింది. ఎత్తి వేలి కణుపుతో కొట్టాను. ఖంగుమని చర్చి గంటలా మోగింది. పగులున్న సామాను అలా మోగదు, టప్పుమంటుంది. ఇది మా అమ్మ నేర్పిన పరీక్ష.

కొట్టతను నవ్వాడు. "ఇదేటక్కా, అందరూ ఇయ్యి నాకిచ్చీసి నాన్‌స్టిక్కు కొనుక్కుంతంటే, నువ్వు ఎనక్కి అట్టుకెల్తన్నావు?"

"నీకేటి తెల్సు తమ్ముడూ, నువ్వు తూసీవోడివి, నాను వండీదాన్ని" అన్నాను.

ఆ మూకుట్లో మొదట కవళ్లు వేయించాను. చేప తోలు ఒక్క చోట అంటుకుంటే ఒట్టు. మా ఆయన ముల్లు కూడా నమిలేసి, "ఏటే, ఇయ్యాల సేపలు మారిపోనాయేటి?" అన్నాడు. "సేపలు మారలేదు మావా, మూకుడు మారింది" అన్నాను. అంతే, అక్కణ్ణుంచి నాకు పిచ్చి పట్టుకుంది. సెలవు దొరికితే చాలు, అందరూ చీరల కొట్లకి వెళ్తారు, నేను తుక్కు కొట్లకి వెళ్తాను.

ఈ పనిలో నాకు తెలియనిది లేదనుకునేదాన్ని. తుప్పు పడితే ఉప్పూ కొబ్బరి పీచూ పెట్టి తోమాలి. బియ్యం కడుగు నీళ్లలో రెండు రోజులు నానబెట్టాలి. ఉల్లిపాయ చెక్కతో నూనె రుద్ది పొగ వచ్చేదాకా కాల్చాలి, మళ్లీ రుద్దాలి, మళ్లీ కాల్చాలి. ఇనుము నూనె తాగేదాకా పులుసు జోలికి పోకూడదు. అన్నిటికంటే పెద్ద సూత్రం ఒకటుంది: పాత పెనం మీద నల్లగా నున్నగా పొర పేరుకుని ఉంటే దాన్ని గోకకూడదు. అది ఎవరో తల్లి ఏళ్ల తరబడి వండి సంపాదించిన నలుపు. ఈ సూత్రం ఫ్యాక్టరీలో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. "ఓలమ్మ, మల్లీ పెనం పురాణం ఎత్తీసింది" అని అందరూ మొత్తుకునేవారు. అయినా చెప్పేదాన్ని.

ఆ సూత్రమే నా కొంప ముంచింది.

మందస కొట్లో ఒక పెద్ద పెనం దొరికింది. రెండు చెవులు, వేలంత మందం, ఎంత నలుపంటే మొహం చూసుకోవచ్చు. ఇంత నలుపు నేను ఎప్పుడూ చూడలేదు. ఎన్ని వేల అట్లు పోస్తే ఇంత పొర వచ్చిందో అని మురిసిపోయి, ఒక్క గోరు గీత కూడా పడకుండా సబ్బు గుడ్డతో పైపైన తుడిచి, మర్నాడు పొద్దున్నే గ్యాసు పొయ్యి మీద పెట్టాను. వేడెక్కుతుంటే కాస్త ఘాటు వాసన వచ్చింది. పలాసలో ఆ వాసన లేనిదెక్కడ? నా చీరలో అదే వాసన, జుట్టులో అదే వాసన. ఫ్యాక్టరీ గొట్టం పొగ ఇటు తిరిగిందనుకున్నాను.

మా ఇంట్లో కొత్తగా వచ్చిన ఏ పెనం మీదైనా మొదటి అట్టు మా అత్తదే. ఆమె చిన్న ప్రార్థన చేసి తింటే ఆ పెనం ఇంట్లో చేరినట్టు. ఆ రోజూ ప్రార్థన చేసింది, రెండు అట్లు తింది, "అంచు కాలింది, ఉప్పు సాల్లేదు" అని రెండు వంకలూ పెట్టింది. మా ఆయన అప్పటికే ఆటో ఎక్కి వెళ్లిపోయాడు, నేను చద్దన్నం తిని డ్యూటీకి పోయాను.

సాయంత్రం వచ్చేసరికి ఆమె పెదవులు వాచిపోయి, మూతి చుట్టూ బొబ్బలు లేచి ఉన్నాయి. ఆ బొబ్బలు నాకు తెలుసు. ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన పిల్లల వేళ్ల మీద రోజూ చూసేవే. పిక్క తొక్కలో ఉండే నూనె తగిలితే ఒళ్లు అలాగే పొక్కుతుంది. పెనం తెచ్చి చాకుతో పొర గీకి మంటలో వేశాను. చిటపటమని మండి, పిక్కలు కాల్చిన వాసన గుప్పుమంది. అది అట్ల పెనం కాదు. ఎవరో జీడిపిక్కలు కాల్చుకున్న పెనం. ఇరవై ఏళ్లుగా పిక్కల్లో బతుకుతున్న నేను, ఆ నూనె నలుపుని పట్టుకుని ఎవరో తల్లి చేతి నలుపని మురిసిపోయాను!

కొబ్బరినూనె రాశాను, ఆసుపత్రికి తీసుకెళ్లాను. వారంలో తగ్గింది. ఆ ఆదివారం చర్చిలో ఆమె మూతికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది, పాట పాడలేదు. ఎవరో అడిగితే "పన్ను పోటు" అంది. నన్ను బయటపెట్టలేదు. కానీ ఇంటికొచ్చాక ఒకటే మాట చెప్పింది.

"ఒలే, నీ సేతి కూడు ఇంక నాకొద్దు. నా గంజి నాను కాసుకుంతాను."

పెరట్లో మూడు రాళ్లు పెట్టుకుంది. తన డబ్బా బియ్యం వేరు, తన ఉప్పు వేరు. పెళ్లయిన ఏడాదికే వంటిల్లు నాకొదిలేసిన మనిషి. ఇరవై ఏళ్లు నా చేతి వంటే తింది. ప్రతి ముద్దకీ వంక పెట్టింది గానీ కంచంలో మెతుకు వదల్లేదు. నాకదే సర్టిఫికెట్. ఇప్పుడు ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలుగుతుంటే, నాకు అన్నం దిగేది కాదు. ఆమె మళ్లీ నా చేత్తో వండింది తింటుందా, తినదా? రోజూ అదే ఆలోచన. ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

మా ఆయన "ముందు ఆ పెనం తీసికెల్లి సముద్రంలో పారీ" అన్నాడు. పారేయను అన్నాను. తప్పు పెనంది కాదు, నాది. పారేస్తే పెనం పోతుంది, తప్పు పోదు కదా. "తా పట్టిన కుందేలుకి మూడే కాళ్లు" అని ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

పెరట్లో ఇంకో మూల సరుగుడు కర్రలు పేర్చి, పైన పెనం బోర్లించి మంటపెట్టాను. నల్లటి పొగ లేచింది. కళ్లు మండిపోయాయి. పక్కింటావిడ గోడ మీంచి చూసి, "అత్త మీద కోపం దుత్త మీద సూపిత్తన్నావేటే?" అని వేళాకోళం చేసింది. మా అత్త వింటూనే ఉంది, తల ఎత్తలేదు. పెనం ఎర్రగా కాలింది. దాన్ని అలాగే వదిలేశాను, నీళ్లు కొడితే పగిలిపోతుంది. పొద్దున తీసి చూస్తే బూడిద రంగులో, అప్పుడే పోత పోసినట్టు ఉంది. తోమాను, నానబెట్టాను, మళ్లీ కాల్చాను. గీకి నిప్పులో వేద్దామంటే పొరే లేదు. అప్పుడు నూనె తాగించడం మొదలుపెట్టాను.

మూడు రోజులు ఆ పెనం మీద అట్టు నేనొక్కదాన్నే తిన్నాను. రోజూ పెరట్లోకి వెళ్లి నాలుక చాపి చూపించాను. "సూడత్తా, ఏటైనా ఉందేటి?"

"కోతి నాలిక నాకెందుకే, పో" అని మొహం తిప్పేసుకునేది.

సరే, ఆమె తినకపోతే పెనమైనా బాగుపడుతుంది అని పంతం పట్టాను. ఆదివారం ఆదివారం దాని మీద అట్లు పోసేదాన్ని. చూస్తుండగానే ఆ బూడిద రంగు పోయి గోధుమ రంగు, తర్వాత నలుపు. నెలన్నరకల్లా అట్టు దానంతటదే లేచి వచ్చేస్తోంది. వారానికి ఒక్కసారి వాడే పెనం ఇంత త్వరగా లొంగడం నేనెక్కడా చూడలేదు. ఫ్యాక్టరీలో చెప్పుకుని చెప్పుకుని గొంతు పోయింది. "సేతిలో ఉంటాది, అందరికీ రాదు" అనేదాన్ని. అంత పొగరు.

ఒకరోజు ఫ్యాక్టరీలో బాయిలర్ చెడిపోయి పదిగంటలకే పంపేశారు. ఇంటికొస్తే తలుపు తీసే ఉంది. పెరట్లోంచి ఉల్లిపాయ అట్టు వాసన. వెళ్లి చూస్తే, మా అత్త మూడు రాళ్ల మీద ఆ పెనమే పెట్టుకుని అట్టు పోసుకుంటోంది. నన్ను చూసి కంగారు పడిందా అంటే పడలేదు. అట్టు తిరగేసింది.

"ఏటలా గుడ్లప్పగించి సూత్తన్నావు? తలుపేసిరా, కుక్కలొత్తాయి."

"ఎన్నాల్ల నుంచత్తా ఇది?"

"నువ్వు నాలిక సాపడం మానీసిన మర్నాడు నుంచి. రోజూ నువ్వు డ్యూటీకెల్లాక దించుతాను, నువ్వొచ్చీలోగా తుడిసి మేకుకెట్టీత్తాను. నీ గేసు మంట మీద వారానికోపాలి పోత్తే, అది లొంగడానికి నా సావు దాకా పట్టును. పెనానికి కట్టి మంట గావాల, రోజూ సెయ్యి పడాల."

నా పొగరంతా ఒక్కసారి దిగిపోయింది. సిగ్గేసింది, కోపం కూడా వచ్చింది. "మరి నాకు సెప్పొచ్చు గదా! ఊరంతా తిరిగి నా సేతి గొప్పని డప్పు కొట్టుకున్నాను!"

"ఇన్నాను. పక్కింటిది రోజూ వొచ్చి సెప్పింది" అంది. పెనం మీద అట్టు తీసి పక్కన పెట్టి, కట్టెల్ని మంటలోకి ఎగదోసింది. తర్వాత నా వైపు చూడకుండానే అంది. "సెప్పీత్తే అది నా పెనం అయిపోద్ది. బాగుసేసుకున్నది నువ్వు. నీదే అవ్వాల."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు. ఇరవై ఏళ్లలో ఆ నోటి వెంట నా పని గురించి ఒక్క మంచి మాట వినడం అదే మొదలు.

"ఏడుపు తరవాత" అని ఆమె పీట జరిపి నాకు చోటిచ్చింది. "పిండి అయిపోతంది, నాకింకా ఆకలిగుంది. ఒకటెయ్యి."

వేశాను. తొందరలో అట్టు వంకరగా వచ్చింది. కంచంలో పెట్టాను. ఆమె తలవంచి ప్రార్థన చేసింది, తుంచి నోట్లో పెట్టుకుంది. నేను అట్లకాడ పట్టుకుని ఆమె మొహమే చూస్తున్నాను.

"ఉప్పు సాల్లేదు" అంది, ఇంకో ముక్క తుంచుకుంటూ.