స్టీరింగ్ కడ్డీకీ ఇంజనుకూ మధ్య అర అంగుళం

1968 ఏప్రిల్‌లో మా బాపు కారు ఇంజను పగిలింది. చెడిపోయిందనడానికి ఆ మాట వాడటం లేదు, నిజంగానే పగిలింది. యూనివర్సిటీ లోపలి ఎత్తు రోడ్డు మీద ఎండకు వేడెక్కి ఆగిపోతే, బాపు ఆత్రంగా హాస్టల్ నల్లా నుంచి బకెట్టు చన్నీళ్లు తెచ్చి రేడియేటర్లో పోశాడు. లోపల టప్పుమంది. చూస్తే ఇంజను దిమ్మ పక్కన జానెడు చీలిక.

అది రెండు సీట్ల ఓపెన్ కారు. ఇరవై ఏళ్ల కింద ఇంగ్లండులో తయారైంది, పందేలకు పనికొచ్చే రకం. పొడుగాటి ముక్కు, చెక్క చట్రం మీద బిగించిన పలుచటి రేకు. ఒక జాగీర్దారు కుటుంబం ఇల్లు ఖాళీ చేస్తుంటే బాపు కొన్నాడు. ఆయన యూనివర్సిటీలో చరిత్ర లెక్చరర్. తార్నాకలోని మా ఇంటి నుంచి ఆయన తరగతి గదికి మైలున్నర.

"మైలున్నరకు గీ తమాషా ఎందుకు? నడిస్తే పెయ్యికి మంచిది," అనేది అమ్మ.

"పెయ్యికి మంచిదే. మనసుకు గిదే మంచిది," అనేవాడు బాపు.

అట్లాంటి ఇంజను మళ్లీ తెప్పించే దారి ఆ రోజుల్లో లేదు. బయటి దేశాల నుంచి కార్ల సామాను రావడం ఆగిపోయింది. మన రోడ్ల మీద తిరిగే కార్ల ఇంజన్లలోనే ఒకటి ఎంచుకోవాలి. లాలాపేట్‌లో షెడ్డు పెట్టుకున్న మెకానిక్ ఒకాయన ఉండేవాడు. ఆయనను అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. రెండు ఇంజన్లు చూసి పెట్టానని కబురు చేశాడు. బాపు నన్ను కూడా రమ్మన్నాడు. నేను అప్పుడు లెక్కల్లో ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం.

"బేరం నేను మాట్లాడత, లెక్క నువ్వు చెయ్యి," అన్నాడు.

షెడ్డు ముందు రెండు ఇంజన్లు నేల మీద, రైలు పట్టాల కింద వేసే పాత దుంగల మీద కూర్చుని ఉన్నాయి. ఒకటి చిన్న టాక్సీది, ఒకటి పెద్ద టాక్సీది.

"చూసుకోండ్రి సార్, పిల్లను చూసినట్టు," అన్నాడు ఉస్తాద్. "చిన్నది అణకువగ ఉంటది. మీ కారుల గిట్ల పెడితే గట్ల కూసుంటది. పెద్దది జర మొండిది. కానీ దాని బలం దానిది."

బాపుకు కారు కదిలితే చాలదు. రాతి కాలేజీ భవనం ముందరి ఎత్తును, ఇద్దరు కూర్చున్నా, గేరు మార్చకుండా ఒక్క ఊపున ఎక్కాలి. పాత ఇంజను ఎక్కేది. నేను లెక్క కట్టాను. పాతది యాభై నాలుగు హార్స్‌పవర్, చిన్నది నలభై, పెద్దది యాభై. పాత ఇంజను మీది రెండు కార్బ్యురేటర్లు పెద్దదానికి తగిలిస్తే ఆ లోటు కొంత పూడుతుంది. చిన్నదానికి ఎన్ని తగిలించినా ఎత్తు మీద గేరు మార్చక తప్పదు.

"పెద్దదాన్ని నడిపించి చూపు," అన్నాడు బాపు.

ఉస్తాద్ వేపకొమ్మకు గ్లూకోజు సీసా వేలాడదీశాడు. అందులో పెట్రోలు. సన్నటి గొట్టం దింపి ఇంజనుకు కలిపాడు. ఇంజను వేడెక్కకుండా ఒక డబ్బా నీళ్లు పక్కన పెట్టి రెండు గొట్టాలు అందులో ముంచాడు. హ్యాండిల్ వేసి తిప్పాడు.

అంతవరకూ నాకు ఇంజను అంటే రేకు మూత కింద నుంచి వచ్చే చప్పుడే. కారు లేకుండా, చక్రాలు లేకుండా, ఉత్త నేల మీద కూర్చున్న ఇనుము బతికి ఊపిరి తీయడం అదే మొదటిసారి చూడటం. ఉస్తాద్ పావలా బిళ్లను దాని నెత్తి మీద అంచుపై నిలబెట్టాడు. బిళ్ల నిలబడింది. కింద నాలుగు సిలిండర్లలో మంటలు పేలుతున్నాయి, పైన పావలా కదలడం లేదు. నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ఏ గుడిలోనూ గర్భగుడి తలుపు తెరిచినప్పుడు నాకు అట్లా కాలేదు.

"ఇప్పుడు చూడమ్మా దీని కోపం," అని ఉస్తాద్ పెట్రోలు పెంచే తీగను ఒక్కసారి లాగాడు.

ఇంజను గర్జించి కుడిపక్కకు ఒరిగింది. పావలా ఎగిరి మట్టిలో పడింది. తీగ వదలగానే ఇంజను మళ్లీ నిటారుగా కూర్చుంది. లోపలి ఇరుసు ఒకవైపు తిరిగితే, మొత్తం దిమ్మ రెండోవైపు ఒరుగుతుంది. పుస్తకంలో ఆ సూత్రం నేను పదిసార్లు రాసి ఉంటాను. నూటయాభై కిలోల ఇనుము దానికి లోబడటం చూసింది మాత్రం అక్కడే.

వెంటనే నా బుర్రలో ఇంకో సంగతి మెదిలింది. మా కారులో స్టీరింగ్ కడ్డీ ఇంజనుకు కుడిపక్కనే, ఆనుకున్నట్టు పోతుంది. ఇంజను ఒరిగి దానికి తగిలితే స్టీరింగ్ తిరగదు. తిరగకపోతే మా బాపు రోడ్డు మీద ఉండడు.

"ఇంకోసారి లాగు ఉస్తాద్," అని, నేను అట్ట ముక్క ఒకటి ఇంజను ముందు అడ్డంగా పట్టుకుని దాని జిడ్డు అంచుకు ఆనించాను. ఇంజను తాను ఎంత ఒరిగిందో నల్లటి నూనె గీతగా తానే రాసి ఇచ్చింది. అంగుళంలో ఎనిమిదో వంతు.

"గంతేగా? పెన్సిలు పట్టే సందుంటే చాలు," అన్నాడు ఉస్తాద్.

మరునాడు యూనివర్సిటీ నుంచి తార్నాకకు నడిచి వస్తున్నప్పుడు నాకు తట్టింది, ఆ కొలత చాలదని. నేల మీద ఇంజను తనను తాను తిప్పుకుంది, అంతే. కారులో మొదటి గేరు వేస్తే అది కారునంతా తొయ్యాలి. గేరుపెట్టె ఇంజనుకే బిగించి ఉంటుంది కాబట్టి, గేరు ఆ బలాన్ని ఎన్నింతలు చేస్తే ఒరుగు కూడా అన్నింతలు అవుతుంది. ఎండలో ఆగిపోయాను. పక్కన సైకిల్ మీద పోయేవాడు తిరిగి చూశాడు.

వారం తర్వాత ఉస్తాద్ ఇంజనును మా ఇంటి ముందుకు తెచ్చినప్పుడు ఆ మాట చెప్పాను.

"ముప్పై ఏండ్ల సంది ఇంజన్లు కడుతున్న బిడ్డా. ఎన్నడు తగల్లే."

మొదటి గేరు వేసి, గేరుపెట్టె వెనక నుంచి వచ్చే ఇరుసు ఒక్క చుట్టు తిరిగేదాకా ఇంజనును చేత్తో తిప్పమన్నాను. మూడున్నర చుట్లు తిప్పాల్సి వచ్చింది. ఎనిమిదో వంతుకు మూడున్నరింతలంటే అర అంగుళానికి కొంచెమే తక్కువ.

ఉస్తాద్ గడ్డం గోక్కున్నాడు. "టాక్సీలల్ల స్టీరింగ్ దూరముంటది. గందుకే తగల్లే. గీ కారుల తగుల్తది. ఇంత సందు కావాలె మరి," అని బొటనవేలూ చూపుడువేలూ అర అంగుళం ఎడంగా పెట్టి చూపాడు.

అంత సందు రావాలంటే ఇంజనును ఎడమకు జరపాలి. జరిపితే గేరుపెట్టె, ఇంజనుకూ సీట్లకూ మధ్య కాళ్ల దగ్గర ఉండే గోడకు తగులుతుంది. ఆ గోడను కోయాలి. చెక్కా రేకూ కలిపి ఇరవై ఏళ్ల కింద ఎవరో చేత్తో అమర్చిన గోడ. ఒకసారి కోస్తే మళ్లీ అతకదు. తక్కువ కోస్తే ప్రాణం మీదికి వస్తుంది, ఎక్కువ కోస్తే చట్రం బలం పోతుంది.

"చిన్నది పెడితే కోసుడే లేదు సార్, ఇప్పటికైనా సోంచాయించుండ్రి," అన్నాడు ఉస్తాద్.

"చిన్నదే పెట్టించు. ఎత్తుల దిగి నూకుదువు, నీకు కసరత్తు," అంది అమ్మ గడపలోంచి.

బాపు నవ్వలేదు. నా దిక్కు చూశాడు.

"నీ లెక్క తప్పయితే, బిడ్డా?"

"కారు పాడైతది. లేకుంటే స్టీరింగ్ పట్టేస్తది."

"నేను అడిగేది గది కాదు. నీకు నమ్మకమున్నదా?"

"లెక్క మీద ఉన్నది."

"అయితే గీత గియ్యి," అని జేబులోంచి సుద్దముక్క తీసి ఇచ్చాడు. క్లాసులో రాసే సుద్ద.

స్కేలు పెట్టి గీశాను. మళ్లీ కొలిచాను. ఇంకోసారి కొలిచాను. ఉస్తాద్ రంపం అందుకోబోతే బాపు తానే తీసుకున్నాడు. ఇంట్లో మేకు కూడా సరిగ్గా కొట్టడం రాని మనిషి, ఊపిరి బిగబట్టి నా గీత మీద రంపం పెట్టాడు. కాగితం మీది అంకెలను నమ్మి ఒక మనిషి తనకు అన్నిటికన్నా ఇష్టమైనదాన్ని కోయడం నేను చూశాను. రంపం ఆడుతుంటే రేకు అరిచింది. చెక్కపొట్టు ఆయన ప్యాంటు మీద రాలింది.

మే నెలాఖరున ఒక ఉదయం, క్యాంపస్ రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు బయల్దేరాం. ఇంజను మీదా పక్కలా ఉండే రేకు మూతలు తీసేయించాను. ఎత్తు మొదట్లో బాపు కారు ఆపాడు.

"ఏమంటవ్?"

"మొదటి గేర్ల ఒక్కసారి గట్టిగ తొక్కు బాపు. తగిలేదుంటే గిప్పుడే తగులుతది. తర్వాత నీ ఇష్టం."

ముందు అద్దాన్ని వాల్చి, బాపు వైపుకు వంగి, ఇంజనుకూ కడ్డీకీ మధ్య సందును చూస్తూ కూర్చున్నాను. ఆయన తొక్కాడు. నా వీపు సీటుకు అతుక్కుంది. ఇంజను కుడికి ఒరిగింది, సందు సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఒక గీతంత అయింది. ఆగింది. ఆ గీతలోంచి రోడ్డు బూడిదరంగులో పరుగెత్తడం కనిపించింది.

"తిరుగుతుందా?" అని అరిచాను.

బాపు స్టీరింగును ఎడమకు, కుడికి తిప్పాడు. కారు రోడ్డు మీద పాములా మెలితిరిగింది. పై గేరులోకి మార్చాడు. సందు మళ్లీ విచ్చుకుంది. రాతి భవనం మా మీదికి లేచి వచ్చింది, మెట్లు, కమానులు, ఆకాశం. ఆ తర్వాత ఎత్తు మొత్తంలో ఆయన చెయ్యి గేరు కడ్డీ మీదికి ఒక్కసారి కూడా పోలేదు.