టైలరు ముద్దు చేసిన బొత్తాం

ఆ వీధి టైలరు దగ్గర పని నేర్చుకోవడమంటే మాటలు కాదు. కుట్టు వెంట్రుకవాసి పక్కకి జరిగినా మొత్తం విప్పించి మళ్లీ కుట్టిస్తాడు. ఆయన దగ్గితే చాలు, శిష్యులు లేచి నిలబడతారు. అంతటి మనిషీ తన కుక్క ముందు మాత్రం వెన్నలా కరిగిపోతాడు. పిడికెడంత ఉంటుంది, పేరు బొత్తాం.

బొత్తాం అరిచిందంటే ఆయన దాని నోటికి ఒక గుడ్డముక్క అందించి, రెండో కొస తాను పట్టుకుని లాగుతాడు. అది గుర్రుమంటుంటే మురిసిపోతాడు. దాంతో అరిచి గుడ్డ లాగడమే తన ఉద్యోగమని దానికి బాగా తలకెక్కింది. ఆ గుడ్డలో మనిషి ఉన్నా సరే, దానికి పట్టింపు లేదు.

కొలతలివ్వడానికొచ్చినవాళ్లు ఒంటికాలి మీద గెంతుతుంటే, "ఏం చెయ్యదండీ, పసిది, ఆడుకుంటోంది" అనేవాడు.

"ఏనుగంత ఉండి ఇదే పని చేస్తే ఆట అనేవారా?" అనేది భార్య, కాజాలు కుడుతూనే. "ఒళ్లు పెరగలేదు గానీ, పళ్లు బాగానే మొలిచాయి దానికి."

ఓ ఆదివారం కూతురు పిల్లనెత్తుకుని వచ్చింది. అప్పుడప్పుడే తప్పటడుగులు వేస్తున్న పిల్ల. తాత కుట్టిన గౌను కుచ్చులు ఊగడం చూసి బొత్తాం పట్టి లాగింది. పిల్ల బోర్లా పడింది, పెదవి చిట్లింది.

కూతురు అరవలేదు. "దానికి బుద్ధి నేర్పేదాకా పాప ఈ గుమ్మం తొక్కదు నాన్నా" అని వెళ్లిపోయింది.

మనవరాలు రాని ఆదివారాలు గడిచేకొద్దీ టైలరుకి అన్నం సహించకుండా పోయింది. చివరికి పాఠం మొదలుపెట్టాడు. బొత్తాం అరవగానే ఆయన చెయ్యి అలవాటుగా గుడ్డముక్కల బుట్టలోకి పోయింది.

"ముందు మీ చెయ్యి కట్టెయ్యాలి" అంటూ భార్య బుట్ట తీసుకెళ్లి అటకెక్కించింది.

ఇక అరిస్తే మొహం తిప్పుకోవడం, చెప్పగానే కూర్చుంటే బిస్కెట్టు ముక్క పెట్టడం. ఇదంతా చూసి పెద్ద శిష్యుడు ఉండబట్టలేక అడిగాడు. "ఇన్నేళ్లలో మాకెప్పుడైనా బిస్కెట్టు పెట్టారా గురువుగారూ?"

"నువ్వెప్పుడైనా ఒక్కసారి చెప్తే విన్నావుట్రా?"

బొత్తాం మాట వింటోందని తల్లి కబురు పంపితే కూతురు వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, కాసేపు చూసి, పిల్లని కిందికి దించింది. కుచ్చులు సరిగ్గా బొత్తాం ముక్కు ముందు ఊగుతున్నాయి. దాని ఒళ్లంతా వణికింది.

"కూర్చో" అన్నాడు టైలరు.

కూర్చుంది. పిల్ల దాని పక్కనుంచే తాత దగ్గరికి నడిచొచ్చింది. అప్పుడు విప్పింది కూతురు చెప్పులు.

"ఆదివారాలు వస్తాంలే. కానీ నాన్నా, ఏడుపు మొదలెట్టగానే చేతికి దొరికిందల్లా ఇవ్వడం పాప దగ్గర కూడా కుదరదు."

"నేనా? నా దగ్గర అలాంటివి సాగవమ్మా" అన్నాడు టైలరు గంభీరంగా. అప్పటికే పాప ఆయన కళ్లజోడు పట్టి లాగుతోంది. పాపకి ఇంకాస్త అందేలా ఆయన ముందుకి వంగుతున్నాడు.