ముక్కమ్మ వేసిన ముద్ర

తేనె రైతుల సంఘంలో ఆవిడ అసలు పేరు ఎవరికీ పట్టదు. అందరికీ ముక్కమ్మే. సీసా మూత తీసి ఒక్క క్షణం ముక్కు కింద పెట్టుకుని, "ఆవపూల తేనె. నాలుగు రోజులు ముందే పిండేశావు. ఏం తొందరొచ్చింది నీకు?" అని మొహం మీదే అడిగేసేది. తెచ్చినవాడు నాలుక కరుచుకునేవాడు. ముక్కుసూటి మనిషి అంటే ఈవిడేనని వెనకాల నవ్వుకునేవాళ్లు గానీ, ఎదురు చెప్పినవాడు లేడు.

సంఘం గది పాత గిడ్డంగిలో ఓ మూల ఉంటుంది. రేకు బల్ల, తేనెలో నీటిశాతం చూసే పరికరం, గోడవారగా సీసాలు, తాళం వేసిన సొరుగులో ముద్ర చీటీల చుట్ట. ఆ ముద్ర నలభై కుటుంబాల ఉమ్మడి సొత్తు, సంఘం పేరున రిజిస్టరైన ట్రేడ్‌మార్కు. ఎవరి పెట్టెలు వాళ్లవే, ఎవరి తేనెటీగలు వాళ్లవే. సీసా మీద గుర్తు మాత్రం అందరిదీ. అది రాకముందు టోకు వ్యాపారి వీళ్ల తేనెనంతా ఒకే డ్రమ్ములో గుమ్మరించి, పాకం కలిపి, తన పేరుతో అమ్ముకునేవాడు. ఏడాది పొడుగునా ఈగల చేత కుట్టించుకున్నవాళ్ల ఊసు ఎక్కడా ఉండేది కాదు. ముద్ర వచ్చాక దుకాణాలవాళ్లే అడిగి మరీ తెప్పించుకోసాగారు. పదకొండేళ్లుగా ముక్కమ్మ సరేనంటేనే చీటీ మూత మీదికి ఎక్కేది.

ఆ ఏడు వానలు మొదలైనప్పుడు ఆవిడకు జ్వరం వచ్చింది. వారంలో తగ్గింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. పొయ్యి మీద పాలు మాడితే పొగ చూసి తెలుసుకుంది. సబ్బూ, కిరోసినూ, తేనే అన్నీ ఒకటే అయిపోయాయి. ఇవాళ కాకపోతే రేపు వస్తుందిలే అని సరిపెట్టుకుని ఎవరితోనూ అనలేదు. అనాల్సింది. ముక్కు పోయిన ముక్కమ్మకు ఆ బల్ల దగ్గర ఏం పని అంటారేమోనని భయం. అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు.

ఏడు నెలలు ఆ నాటకం నడిచింది. మూత తీసేది, సీసా ముక్కు కింద పెట్టుకునేది, నీటిశాతం చూసేది, రంగు చూసేది, తలూపి ముద్ర వేసేది. నాలుకకు తీపి తెలుస్తుంది గానీ, అది పంచదారదో పూలదో చెప్పాల్సింది వాసనే. రైతులంతా నిక్కచ్చి మనుషులు కాబట్టి పట్టుబడకుండా గడిచిపోయింది.

ఆవిడ తమ్ముడికి ముప్పై పెట్టెలున్నాయి. పూలు దొరకని రోజుల్లో ఈగలు చచ్చిపోకుండా పెట్టెలో పంచదార పాకం డబ్బా పెడతారు. అది తప్పు కాదు. పూత రాగానే, తేనె నిండే పైపెట్టె ఎక్కించేముందు, ఆ డబ్బా తీసెయ్యాలి. లేకపోతే ఈగలు పాకాన్నే మోసుకెళ్లి అరల్లో నింపి మైనంతో మూసేస్తాయి. అతను నాలుగు పెట్టెల్లో డబ్బాలు తియ్యడం మరిచిపోయాడు. తేనె పిండేశాక గానీ గుర్తు రాలేదు. పాకం కలిసిందో లేదో తేల్చుకోలేక, సీసా తెచ్చి అక్క ముందు పెట్టి నోరు మెదపకుండా నిలబడ్డాడు. ఆవిడ చూసింది, తలూపింది, ముద్ర వేసింది. హమ్మయ్య అనుకుని ఇంటికెళ్లాడు.

నెల తిరక్కుండానే పట్నం దుకాణంవాళ్లు పరీక్షకు పంపిన సీసాలో పంచదార బయటపడింది. మూత మీది చీటీలో ఉన్న రైతు నంబరు తమ్ముడిది.

మర్నాడు మధ్యాహ్నం గిడ్డంగిలో సంఘం కూర్చుంది. కార్యదర్శి బడిపంతులుగా చేసి మానేసిన మనిషి, అందరికీ మాస్టారు.

"సొంత తమ్ముడు కదా, కళ్లు మూసుకుని ఉంటుంది" అన్నారెవరో వెనకనుంచి.

"ఇప్పుడవన్నీ ఎందుకు?" అన్నాడు మాస్టారు. "వీడి సరుకు వెనక్కి తెప్పిద్దాం. వీణ్ణి సంఘంలోంచి తీసేద్దాం. తప్పు ఒక్కడిదేనని దుకాణాలకు రాసిస్తే ముద్ర మనకు మిగులుతుంది."

"తప్పు నాదే మాస్టారూ" అన్నాడు తమ్ముడు. తర్వాత అక్క వైపు తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు: "తేడా ఉంటే నువ్వే చెబుతావనుకున్నానక్కా. అందుకే తెచ్చాను. నా పరువు పోతుందని మింగేశావా?"

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. నోరు మూసుకుంటే తమ్ముడొక్కడే వీధిన పడతాడు, నలభై ఇళ్ల ముద్ర నిలుస్తుంది. నోరు విప్పితే తప్పు వాడొక్కడిదే కాదని తేలి తమ్ముడు బతుకుతాడు, ముద్ర పోతుంది. అందరూ ఆవిడనే చూస్తున్నారు.

"నాకు వాసన తెలీదు" అంది.

"ఏంటమ్మా?"

"జ్వరం వచ్చినప్పట్నుంచీ ఏ వాసనా తెలీదు మాస్టారూ. వాడి తేనే కాదు, ఎవరి తేనెనూ సరిగ్గా చూడలేదు నేను. ఊరికే ముద్ర వేశాను."

మాస్టారు కళ్లజోడు తీశాడు. "అంటే ఏడు నెలల సరుకు..." అని ఆగిపోయాడు. ఒక్కరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

సీసాలన్నీ వెనక్కి వచ్చాయి. దుకాణాలు మళ్లీ ముద్ర అడగలేదు. కబురందగానే టోకు వ్యాపారి ఖాళీ డ్రమ్ములతో లారీ పంపాడు. ఖాళీ సీసాలు కూడా కొంటాను గానీ, మూతల మీద చీటీలుంటే తీసుకోనన్నాడు. ఆ చీటీలు వేడినీళ్లకు గానీ ఊడవు. ముక్కమ్మను ఎవరూ రమ్మనలేదు, అయినా వచ్చి రేకు బల్ల దగ్గర కూర్చుని, వేడినీళ్ల గిన్నె ముందు పెట్టుకుని గీకడం మొదలుపెట్టింది. తమ్ముడు వచ్చి పక్కన కూర్చున్నాడు. సాయంత్రందాకా ఇద్దరూ గీకుతూనే ఉన్నారు.

ఒక సీసా మూత తీసి ఆవిడ అలవాటుగా ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత తమ్ముడి చేతికిచ్చింది.

"ఇదెలా ఉందిరా?"

అతను వాసన చూశాడు.

"ఆవపూలదక్కా. చాలా మంచి తేనె."

ఆవిడ సీసా తీసుకుని, చీటీ గీకేసి, ఆ తేనెను డ్రమ్ములో పోసింది.