తుడిచిన బండల మీదే తిన్నాను
తొంభైల్లో మాట. పాలమూరు నుంచి వచ్చి అశోక్ నగర్‌లో ఇళ్లు తుడిచేదాన్ని. ఒక ఇంట్లో తొమ్మిది నెలల బాబు ఎప్పుడూ నేల మీద పాకుతుండేవాడు. ఫినాయిల్ పడక వాడి మోకాళ్లు ఎర్రగా పొక్కాయి. అందుకని వేపాకు, దొడ్డుప్పు వేసి మరిగించిన నీళ్లతో బండలు తుడవడం మొదలుపెట్టాను. పొక్కులు మానాయి. బాబు తల్లి సంతోషించింది.

ఒకరోజు నారాయణగూడ నుంచి ఆమె అత్తగారు వచ్చారు. గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చారు.

"ఫినాయిల్ వాసనే లేదు. ఏం తుడిచినవే, పనిదొంగా!"

"వేపాకు నీళ్లతోని తుడిచిన అమ్మా."

"ఆకులతోని ఇల్లు సాఫయితదా? రేపటిసంది రాకు."

ఆ ఇంటి జీతమే నాకు పెద్ద ఆధారం. అయినా దొంగ అన్న మాట పడలేకపోయాను. నా సద్ది విప్పి, పప్పన్నం బండల మీదే పెట్టుకుని, ఆమె చూస్తుండగా ఒక్క మెతుకు మిగల్చకుండా తిన్నాను.

"ఇప్పుడు ఫినాయిల్ పోసి తుడుస్త. మీరు గిట్లనే తింటరా అమ్మా?" అన్నాను.

అత్త ముందు ఎన్నడూ నోరెత్తని కోడలు, చంకలోని బాబును ఆ బండల మీదే దించి, "ఆమె రేపు వస్తది అత్తమ్మా" అంది.

నేల మీద తిన్నానని మా బస్తీలో కొందరు నవ్వారు. నవ్వనీ. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను, ఇది నా చేత్తోనే రాస్తున్నాను. నేల సంగతి నిలబడి వాసన చూసేవాళ్లకంటే వంగి తుడిచేదానికే బాగా తెలుసు.