ఉప్పు పట్టిన స్టడ్డు

తుఫాను దాటిన ఆరో రోజు ఉదయం 5.40కి పలాస స్టేషనులో దిగాం. తొంభైల చివరి సంగతి ఇది. సన్నగా వాన పడుతోంది. మేం పదకొండు మందిమి. రోడ్డు దారిన ముందే వచ్చిన రెండు లారీలు, ఒక వైర్‌లెస్ సెట్టు, నా పనిముట్ల పెట్టె. సైన్యంలో నేను వాహనాల మెకానిక్కుని. మా ఊరు టెక్కలి. ఇల్లు అంత దగ్గరలో ఉన్నా సెలవు అడగలేదు. పెద్దలు వాక్యంతో పాటు మాకు క్రైస్తవ సంఘంలో నేర్పింది అదే: పంపిన చోటికి ముందు వెళ్లు.

తీరం వెంబడి ఉద్దానంలో కొబ్బరిచెట్లన్నీ ఒకే వైపు తలలు పెట్టి పడున్నాయి. జీడితోటలు వేళ్లతో లేచిపోయాయి. చెట్లు కోసుకుంటూ పద్దెనిమిది కిలోమీటర్లు వెళ్లడానికి అయిదు గంటలు పట్టింది. పదకొండున్నరకి సముద్రపు ఒడ్డు ఊరు చేరాం.

ఊళ్లో మూడు బావులు. మూడింట్లోకీ సముద్రం వచ్చింది. జనం చేద తోడి, గుక్కెడు నోట్లో పోసుకుని, ఉమ్మేస్తున్నారు. మళ్లీ గంటకి అదే పని. తియ్యటి నీరు ఒక్క లోతు బోరులోనే ఉంది. దాన్ని తోడే ఆయిల్ ఇంజన్ నాలుగు రోజులు ఉప్పునీట్లో మునిగింది. షెడ్డు దూలం పడి ఇంజన్ పైమూత, అంటే హెడ్డు, పగిలింది. దాన్ని కింది బ్లాకుకి పట్టి ఉంచే నాలుగు స్టడ్లలో, ఆ మర చువ్వల్లో, రెండు వంగాయి. ఇంకొకటి విరిగి అంగుళం తుంట మిగిలింది.

"అది తుఫాను ఇరగ్గొట్టలేదు బాబు," అన్నాడు పంపు చూసే అప్పన్న. నడివయసు మత్స్యకారుడు. "నానే. పానాకి ఇనప గొట్టం తొడిగి లాగీసినాను. ఇంట్లో మా కోడలు పురుడోసుకుని తొమ్మిదో రోజు. తాగడానికి నీల్లు లేవు. ఆత్రం."

పలాస దగ్గర ఒక తోటలో ఇలాంటిదే ఇంజన్ ఉందన్నాడు. దాని బ్లాకు పగిలింది, హెడ్డు బాగుంది. మా డ్రైవరు వెళ్లి ఆ హెడ్డూ దాని స్టడ్లూ తెచ్చాడు. ఇక ఈ బ్లాకులోంచి పాడైన మూడూ మరలు చెడకుండా బయటికి రావాలి. మర చెడితే ఇంకో బ్లాకు లేదు.

వైర్‌లెస్ కుర్చీలోంచి ఆపరేటరు అరిచాడు. "రేపు పదహారు గంటలకి అందరూ ఉత్తరానికి కదలాలి. మార్పు లేదు." అంటే సాయంత్రం నాలుగు.

మా జట్టు పెద్ద హవల్దారు సాబ్ నా వైపు చూసి హిందీలో అడిగారు. "అవుతుందా?"

"అవుతుంది సాబ్."

అన్న తర్వాత ప్రార్థన చేసుకున్నాను. క్రమం తప్పిందని నాకు తెలుసు.

ఆ మధ్యాహ్నం స్టడ్ల మొదళ్లలో కిరోసిన్ పోసి నాననిచ్చాను. చిన్న సుత్తితో తలల మీద గంటసేపు మెల్లగా తట్టాను. తుప్పు పట్టు వదలాలంటే దెబ్బ కాదు, అదురు కావాలి. వంగిన రెండింటినీ వంపు కింద కోసి, పైపు పానాతో పట్టి, ముందు బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పాను. ఆ తర్వాతే విప్పే వైపు. పొద్దు వాలేలోగా రెండూ వచ్చాయి.

విరిగిన తుంట రాలేదు. మర్నాడు ఆరింటి నుంచి పదింటిదాకా కదల్లేదు. బ్లాకుని వేడి చేయాలి. గ్యాసు లేదు, తడవని కట్టెపుల్ల లేదు.

"జీడితొక్కలున్నాయి కదేటి," అంది అప్పన్న భార్య. ఆవిడ పలాసలో జీడిపిక్కలు కాల్చే పని చేసిన మనిషి. "తడిసినా అంటుకుంటాయి. మీరు దగ్గరికి రాకండి బాబు, ఆ సెగకి సెయ్యి పొక్కిపోద్ది." చేతులకి కొబ్బరినూనె రాసుకుని, బ్లాకు చుట్టూ తొక్కల నిప్పులు సమంగా పేర్చింది. ఒకేచోట వేడెక్కితే పోత ఇనుము పగులుతుందని నేను చెప్పేలోపే సర్దేసింది.

బ్లాకు కాలాక నిప్పులు తోయించి, నా కిట్టులోని కొవ్వొత్తి తీశాను. సాయంత్రం ప్రార్థనకి వెలిగించుకునేది. దాని మొన తుంట మొదట్లో ఆనించాను. మైనం కరిగి మరల్లోకి దిగిపోయింది.

"నీ దేవుడి దీపం ఇంజనుకెట్టినావేటి బావ," అన్నాడు అప్పన్న. టెక్కలి వాణ్ణని తెలిసిన దగ్గర్నుంచి నేను బావనే. "మా గంగమ్మకి కూడా ఓ మాట సెప్పీసినాను. ఇద్దరూ సూసుకుంటారు."

పానా వేసి లాగాను. సూది మొనంత కదిలి ఆగింది. గడియారం పదకొండు నలభై. బలమంతా పెట్టి ఇంకోసారి లాగబోయాను. తుంట మెలి తిరుగుతోందని చేతికి తెలుస్తూనే ఉంది. అయినా లాగబోయాను.

"ఆగు బావ." అప్పన్న నా మణికట్టు పట్టుకున్నాడు. "నాను సేసిందే నువ్వూ సేత్తన్నావు. పెద్దవల లాగడం సూళ్లేదా? అల ఒడ్డుకొచ్చినప్పుడు లాగుతాం. ఎనక్కెల్లినప్పుడు పట్టుకుని ఊరుకుంటాం. అప్పుడు లాగితే వల సిరిగిపోద్ది."

పానా అతనికిచ్చాను. సిగ్గేమీ కలగలేదు. నేనడిగిన సాయం అతని చేతుల్లోంచి వస్తోందని నా విశ్వాసం చెప్పింది.

"గొట్టం తొడిగి విరగ్గొట్టినవాడికే మళ్లీ ఇస్తున్నావా?" అన్నారు హవల్దారు సాబ్.

"ఇస్తున్నాను సాబ్."

అప్పన్న ఇనుము వైపు చూడలేదు, సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. కొంచెం విప్పాడు, ఆగాడు. కొంచెం బిగించాడు, ఆగాడు. మళ్లీ విప్పాడు. నేను మైనం అందిస్తూ కూర్చున్నాను. పన్నెండు ఇరవైకి తుంట అతని అరచేతిలో పడింది. మరల్లో వేలు పెట్టి చూశాను. ఒక్క చుట్టు కూడా చెడలేదు.

సిలిండరు డీజిలుతో కడిగి, స్టడ్లు వేసి, హెడ్డు ఎక్కించి, మూలకీ మూలకీ మార్చుకుంటూ బిగించాం. మూడు పదికి హ్యాండిలు తిప్పితే రెండుసార్లు దగ్గింది, మూడోసారి పట్టుకుంది. కాసేపు బురద, ఆ తర్వాత తెల్లటి ధార. వెంటనే ఎవరూ ముందుకి రాలేదు.

నాలుగింటికి లారీలు కదిలాయి. పదిహేను రోజుల తర్వాత పలాసలోనే రైలెక్కాం. తర్వాత చాలా ఇంజన్లు విప్పాను, ఎత్తైన చోట్ల, మంచులో. మా సంఘంలో సాక్ష్యం చెప్పమన్నప్పుడల్లా ఈ ఊరి గురించే చెబుతాను. గర్వంగానే చెబుతాను.

నన్ను వదలనిది ఆ ధార దగ్గరి దృశ్యం. అప్పన్న భార్య నూనె చేతులు చీరకి తుడుచుకుని ముందుకొచ్చింది. దోసిలి పట్టి ఒక గుక్క నోట్లో పోసుకుంది. అలవాటుగా పక్కకి తిరిగింది. ఊరంతా ఆమె నోటివైపే చూస్తోంది.

ఉమ్మలేదు. మింగింది. మళ్లీ దోసిలి పట్టింది.