టాకాలమ్మ చూసిన పందెం

టాకా అంటే తెలుసుగా, బట్ట జారిపోకుండా దర్జీలు ముందుగా వేసుకునే పొడుగు కుట్టు. అసలు కుట్టు పడ్డాక దాన్ని లాగి అవతల పారేస్తారు. టాకాలమ్మ బతుకంతా ఆ కుట్టు మీదే నడిచింది. ఆవిడ అసలు పేరు క్లబ్బు హాజరు పట్టీలో ఉంది కానీ, ఆ పేరుతో పిలిచిన మనిషి అక్కడ ఒక్కరూ లేరు. చివరికి ఆవిడ కూడా బయట ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి చూడటం మానేసింది.

ఆ ఊళ్ళో గొప్పవాళ్ళ సీజన్ ఆరు వారాలు. టెన్నిస్ పోటీలతో మొదలవుతుంది. తర్వాత సరస్సులో పడవ పందాలు, పూల ప్రదర్శన, ఒక పెద్ద డాన్సు పార్టీ, అన్నిటికీ చివర గుర్రప్పందేల కప్పు రోజు. ఈ ఆరు వారాలూ ఆడవాళ్ళు వేసుకునే గౌన్లు చూడటానికే తప్ప కూర్చోవడానికి పనికిరావు. గట్టిగా నవ్వితే హుక్కు ఊడుతుంది, వంగితే కుట్టు విడుతుంది, ఊపిరి పీలిస్తే జిప్పు పగులుతుంది. అందుకని ఎక్కడ వేడుక జరిగినా అక్కడ క్లబ్బువాళ్ళు ఒక గది ఇచ్చి, అందులో టాకాలమ్మను కూర్చోబెడతారు. అలా కూర్చోబట్టి ఇరవయ్యేడేళ్ళు.

ఆవిడకి అదేదో వెట్టిచాకిరీ అని ఎవరైనా జాలిపడితే పప్పులో కాలేసినట్టే. సీజన్ వస్తోందంటే టాకాలమ్మకి పదేళ్ళ వయసు తగ్గేది. వారం ముందే కత్తెరకి సాన పట్టించి, ఇస్త్రీ పెట్టె తుడిచి, దారపు కండెలు రంగుల వారీగా సర్దుకునేది. ఆ అత్తరు వాసనలూ, అద్దం ముందు ఆ తోపులాటా, "కడుపు లోపలికి లాగండమ్మా, ఇంకొంచెం, ఆఁ, పట్టింది" అనే తన గొంతూ తనకే ఎంతో ఇష్టం. ఏ ఇంటావిడ ఎన్నో నెల దాస్తోందో, ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో ఊరికంటే ముందు ఆ గదికి తెలిసేది. కుట్టు ముడి వేసి, దారం పళ్ళతో కొరికి, ఎవరికైనా ఆవిడ చెప్పే మాట ఒకటే: "సాయంత్రం దాకా ఆగుతుంది, వెళ్ళండి."

లోటల్లా ఒకటే. ఇరవయ్యేడు కప్పు రోజులు గడిచినా ఆవిడ ఒక్క పందెం చూడలేదు.

గుర్రాలు పరిగెత్తే మైదానం పక్కన పెద్ద గ్యాలరీ, ఆ గ్యాలరీ మెట్ల కింద ఆవిడ గది. ఒక నిలువుటద్దం, ఒక ముక్కాలి పీట, ఇస్త్రీ బల్ల, పైన అరచేతి వెడల్పు వెంటిలేటరు. పందెం మొదలవగానే నెత్తిమీద వేలమంది లేచి నిలబడతారు, గది పైకప్పు నుంచి సున్నం పొడి రాలుతుంది. గౌన్ల మీద దుప్పటి కప్పి ఆవిడ ఆ పొడిలో చెవులు రిక్కించి కూర్చుంటుంది. కేకలు ఎడమ నుంచి కుడికి పాకితే గుర్రాలు మలుపు తిరిగాయని గుర్తు. ఒక్కసారి కప్పంతా దడదడలాడితే అయిపోయిందని గుర్తు. పోనీ ఒక్క పందేనికి బయటికి వచ్చి చూడొచ్చు కదా అంటే, కుట్లు తెగేది సరిగ్గా అప్పుడే. జనం గెంతేది అప్పుడేగా మరి!

ఆ ఏడు సీజన్ మొదట్లో కోడలి తమ్ముడు భోజనానికి వచ్చాడు. పందేల పిచ్చోడు. "అత్తయ్యగారూ, మీరు ఇన్నేళ్ళుగా అక్కడే ఉన్నారు కదా, గుర్రాలు చివరి మలుపులో ఎలా ఉంటాయండీ?" అని కళ్ళింత చేసుకుని అడిగాడు. ఆవిడ నోరు తెరిచేలోపే భర్త అందుకున్నాడు. ముప్పయ్యేళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి, ఎదుటివాళ్ళని ఏడిపించడంలో మాత్రం ఇంకా రిటైరవలేదు.

"ఎవరిని అడుగుతున్నావోయ్? గుర్రానికి కాళ్ళెన్నో కూడా మా ఆవిడకి తెలీదు!"

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. కానీ గిన్నెలు సర్దుతూ ఉంటే ఆ మాట మనసులో ములుకులా గుచ్చుకుంది. ఆయన కొంటెగా అన్నాడే గానీ అబద్ధం అనలేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

మూడోనాడు క్లబ్బు గోడ మీద కాగితం అంటించారు. ఈ సీజన్ అవగానే పాత గ్యాలరీ పడగొట్టి అద్దాల మేడ కడతారట. ఆ మేడలో అద్దెకి గౌన్లిచ్చే దుకాణం ఉంటుందట, కుట్టుగది ఉండదట. టాకాలమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివింది. ఉద్యోగం పోతున్నందుకు ఆవిడ అంతగా బాధపడలేదు, ఇంటిదగ్గర చేతినిండా కుట్టుపని ఉంది. తను పందెం చూడకుండానే గది కూలిపోతుందన్న ఆలోచనకే ఒళ్ళు మండింది. ఈసారి చూసి తీరాలి, అంతే.

ముందు టెన్నిస్ దగ్గర బయటికొచ్చి చూడటం అలవాటు చేసుకుందామనుకుంది. ఆట ఆఖరి ఘట్టానికి వచ్చిందని తెలిసి తలుపు దాకా వెళ్ళిందో లేదో, జోడు మడమ గౌను అంచులో ఇరుక్కున్న ఒకమ్మాయి ఒంటికాలి మీద గెంతుతూ ఎదురొచ్చింది. పడవ పందాల రోజు ఇంకా నయం, ఒడ్డుదాకా చేరింది. అక్కడ ఆవిడకి కనిపించింది నీళ్ళు, నీళ్ళ మీద గొడుగులు, ఆ గొడుగుల అవతల ఎక్కడో పడవలు. అంతలో "టాకాలమ్మా!" అని మూడు గొంతులు ఒకేసారి వినిపించాయి. ఆ రోజు ఆవిడ కుట్టింది పదకొండు గౌన్లూ ఒక గొడుగూ.

"ఆ కుట్టుపెట్టె వెంట ఉన్నంత కాలం మీరు పందెం చూడలేరు అత్తయ్యా," అంది కోడలు. బడిలో లెక్కలు చెప్పే మనిషి, ఏదైనా సూటిగా తేల్చేస్తుంది. "కత్తెర చేతిలో ఉంటే గదిలోకే లాక్కెళ్తుంది మిమ్మల్ని. దాన్ని లోపల పెట్టి తాళం వేసి రండి."

కప్పు రోజుకి రెండు రోజుల ముందు టాకాలమ్మ మేనేజరు గదికి వెళ్ళింది. ఆయన కాగితాల్లోంచి తలెత్తకుండానే "ఏంటమ్మా?" అన్నాడు.

"ఆఖరి పందెం టైములో నేను గదిలో ఉండను బాబూ. పది నిమిషాలు."

ఇప్పుడు తలెత్తాడు. "అదేంటమ్మా! అసలు మీ అవసరం పడేదే అప్పుడు కదా! కావాలంటే పొద్దున ఓ గంట తీసుకోండి."

"పొద్దున గుర్రాలు పరిగెత్తవు కదండీ."

"కుదరదమ్మా. నన్ను అడిగితే నేను..."

"నేను అడగడం లేదండీ, చెప్తున్నాను," అంది టాకాలమ్మ. ఇరవయ్యేడేళ్ళలో ఆ గదిలో అంత పెద్ద మాట ఆవిడ అనలేదు. బయటికొచ్చేసింది. వెనక్కి వెళ్ళి సర్దిచెప్పుకోలేదు.

కప్పు రోజు వచ్చింది. తొమ్మిదేళ్ళ కింద తనకోసం తను కుట్టుకుని, ఎక్కడికి వేసుకోవాలో తెలియక బీరువాలో పెట్టేసిన నీలం గౌను ఆ రోజు బయటికి తీసింది. మణికట్టు దగ్గర కాస్త వదులుగా జారే పొడుగు చేతులు, రెండు జేబులు. పొద్దుట్నించీ చేతులకి తీరిక లేదు. మూడున్నరకి ఆఖరి అమ్మాయిని సాగనంపి, కత్తెర పెట్టెలో, పెట్టె గదిలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంది. కాలరు లోపల మాత్రం రెండు సూదులు ఉండిపోయాయి, ఒకదానికి తెల్లదారం, ఒకదానికి నల్లదారం. అవి అక్కడున్న సంగతి ఆవిడకి ఏనాడూ గుర్తుండదు, మనకి మన చెవులు గుర్తుండనట్టు.

గ్యాలరీ అవతలి కొసన, తోటమాలులు నిలబడే చోట, తెల్ల కంచె పట్టుకుని నిలబడింది. ఎదురుగా ఎవరూ లేరు. పచ్చగడ్డి, దాని మీద ఎండ, దూరంగా వరసలో కదులుతున్న గుర్రాలు. ఎంత పెద్ద మైదానమో! ఇన్నేళ్ళు దీని పక్కనే ఉన్నానా అనుకుంటే ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"టాకాలమ్మగారూ! మీరిక్కడున్నారా! గదికి తాళం వేసుందేంటండీ!"

ప్రెసిడెంటమ్మ. అంటే క్లబ్బు ప్రెసిడెంటు గారి భార్య. గెలిచినవాళ్ళకి కప్పు అందించేది ఆవిడే. నిండైన మనిషి. వారం కిందటే ఆ మీగడ రంగు గౌను కొలతలు చూసి టాకాలమ్మ "అర అంగుళం వదులు చేద్దామండీ" అని మొత్తుకుంది. "వద్దు, ఊపిరి బిగబట్టుకుంటాను" అందావిడ. పాపం, ఎంతసేపని బిగబడుతుంది? దుర్భిణి ఎత్తబోతే చంక కింద మొదలై నడుము దాకా గౌను విడిపోయింది. ఆ చీలికని టోపీతో కప్పుకుని ఆయాసపడుతోంది.

"పది నిమిషాల్లో వేదిక మీదకి వెళ్ళాలి. రెండు చేతులూ పైకెత్తి కప్పు చూపించాలమ్మా! ఎలాగండీ ఇప్పుడు?"

టాకాలమ్మ కాళ్ళు వాటంతటవే గది వైపు తిరిగాయి. రెండడుగులు వేశాయి కూడా. మైకులో "గుర్రాలు సిద్ధం" అన్నారు. కాళ్ళు ఆగాయి.

"లేదండీ. నేను రాను," అంది. "ఇక్కడే కుడతాను. ఇటు తిరిగి కంచె పట్టుకోండి. ఆ చెయ్యి ఎత్తండి. కదలకండి, మీరూ పందెమే చూడండి."

కాలరులోంచి తెల్లదారం సూది తీసింది. కప్పు బరువుకి టాకా ఆగదు. జంట దారంతో గట్టి కుట్టే వేయాలి, ఒక అడుగు ముందుకీ అర అడుగు వెనక్కీ. ఎడమ చేత్తో చీలిక రెండంచులూ చేర్చి పట్టుకుని మొదటి కుట్టు చూసి వేసింది. గంట మోగింది. ఇక కిందికి చూడలేదు.

మొదట అంతా నిశ్శబ్దం. అది ఆవిడ అనుకోలేదు. గదిలో ఉన్నప్పుడు మొదట్నించీ గోలే వినబడేది. ఇక్కడ ఎంతో దూరాన చిన్న రంగుల ముద్ద ఒకటి గడ్డి మీద జారుతోంది, అంతే. అది మలుపు తిరిగి పెద్దదైంది. ముద్ద విడిపోయి గుర్రాలైంది, గుర్రాల మీద గాలికి ఉబ్బిన చొక్కాలైంది. ఇన్నేళ్ళు నెత్తిమీద విన్న దడదడ ఇప్పుడు అరికాళ్ళలోంచి పైకొచ్చింది. ఎర్రగోధుమ రంగు గుర్రం ముందుంది, దాని భుజం పక్కకి బూడిద రంగుది ఒకటి మెడ చాచుకుని వస్తోంది. "రావే తల్లీ, రా, రా!" అని ఎవరో అరుస్తున్నారు. ఆ అరిచేది తనే అని టాకాలమ్మకి కొంచెం ఆలస్యంగా తెలిసింది. వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతూనే ఉన్నాయి. గడ్డిపెళ్ళలు ఎగిరి ఇద్దరి మొహాల మీదా పడ్డాయి. బూడిద రంగుది మెడంత తేడాతో గెలిచింది. అన్నిటికంటే వెనక ఒక చిన్న నల్ల గుర్రం, గెలిచే ఆశ లేకపోయినా అంతే పట్టుదలగా పరిగెత్తుకుంటూ పోయింది. దాన్ని కూడా కనుమరుగయ్యేదాకా చూసి, కళ్ళు తుడుచుకోకుండానే ముడి వేసింది.

"అయిందండీ. సాయంత్రం దాకా ఆగుతుంది, వెళ్ళండి."

ప్రెసిడెంటమ్మ అడుగు ముందుకేసింది. టాకాలమ్మ కూడా వేయాల్సి వచ్చింది. వదులుగా జారిన తన నీలం గౌను ఎడమ చేతి అంచుని మీగడ రంగు గౌనుతో కలిపి, నడుము దగ్గర, జానెడు పొడుగున కుట్టేసింది. కుట్టు మాత్రం చుక్కలు పెట్టినట్టు చక్కగా ఉంది.

"అయ్యో నా మొహం మండా!" అంది టాకాలమ్మ. కొరుకుదామని వంగబోతే ప్రెసిడెంటమ్మ భుజం పట్టుకుంది. "ఇంతమంది ముందు నా నడుము కొరుకుతారా ఏంటండీ!" కత్తెర చూస్తే గ్యాలరీ ఆ చివర, తాళం వెనకాల. లాగుదామంటే గట్టి కుట్టు, బట్టే చిరుగుతుంది. మైకు ప్రెసిడెంటమ్మను వేదిక మీదికి రమ్మని రెండోసారి పిలిచింది.

ప్రెసిడెంటమ్మ ఆ కుట్టు వంక చూసింది. కన్నీళ్ళతో, గడ్డిపరకలతో ఉన్న టాకాలమ్మ మొహం చూసింది. టోపీ పెట్టుకుంది.

"సాయంత్రం దాకా ఆగుతుందా?"

"ఆగుతుందండీ."

"అయితే పదండి."

అలా టాకాలమ్మ ప్రెసిడెంటమ్మ నడుం చుట్టూ చెయ్యి వేసుకుని, పాత స్నేహితురాలిలా, మూడువేలమంది మధ్యలోంచి ఎర్ర తివాచీ మీద నడిచి వేదిక ఎక్కింది. మేనేజరు నోరు తెరిచాడు, మూయడం మర్చిపోయాడు. కప్పు పైకెత్తేటప్పుడు మూడు చేతులు లేచాయి.

మర్నాడు పొద్దున కాఫీ దగ్గర భర్త పేపరు చూస్తూ చూస్తూ కళ్ళజోడు సరిచేసుకున్నాడు. వేదిక మీద తీసిన ఫొటో వంక చూశాడు, భార్య వంక చూశాడు. కుర్చీ మీద ఆరేసిన నీలం గౌను చేతి అంచున, కత్తెరతో విడదీసిన తెల్లకుట్టు కొసలు అలాగే ఉన్నాయి, ఆవిడ పీకేయలేదు. ఆయన అడగాల్సినవి చాలా ఉన్నాయి. కానీ పాత అలవాటు ఊరుకోనిస్తుందా?

"అయితే ఇప్పుడైనా తెలిసిందా, గుర్రానికి కాళ్ళెన్నో?"

కోడలు నవ్వు ఆపుకుంది. టాకాలమ్మ కాఫీ కప్పు కింద పెట్టింది.

"ఒక్కటీ ఉండదండీ," అంది. "గట్టిగా పరిగెత్తేటప్పుడు, ఒక్క క్షణం, నాలుగూ గాల్లోనే ఉంటాయి. నేను చూశాను."