దుప్పి కొమ్ము పిడి

పాత చాకు చేతికిస్తే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలనని కామారెడ్డి స్టేషన్ రోడ్డులో చాకులకు పిడులు వేసే నాకు పేరుండేది. పేరుతో పాటు పొగరు కూడా. బ్లేడు మీద పిడి పక్కన చెక్కిన అక్షరాలు చదవడం రాకపోయినా, వాటి వాటం చూసి విలాయతిదో జర్మనీదో చెప్పేవాణ్ణి. పిడి సంగతికి ఒక సూది చాలు. కాల్చి పిడి లోపలి అంచున తాకిస్తే, దువ్వెనలు చేసే సెల్యులాయిడ్ సరుకు కర్పూరం వాసన వేస్తుంది. ఎద్దుకొమ్మయినా బర్రెకొమ్మయినా కాలిన వెంట్రుకల వాసన. దుప్పి కొమ్ము పేరుకే కొమ్ము, నిజానికి ఎముక. అది కాలిన ఎముక కంపే కొడుతుంది.

మా అన్న ఎల్లారెడ్డిలో వ్యవసాయం చేసేవాడు. తన ఎద్దు చచ్చినప్పుడు దాని కొమ్ము తెచ్చి నా ముందు పెట్టి ఏడ్చాడు. ఆ కొమ్ముతో అతని జర్మనీ చాకుకు పిడి వేసి, పైన గరుకుగా చెక్కి, చూడ్డానికి అచ్చం దుప్పి కొమ్ములా చేశాను. "పైన పటారం, లోన లొటారం" అని అన్నే నవ్వాడు.

యుద్ధం మొదలై జర్మనీ సరుకు ఆగిన ఏడు, ఎల్లారెడ్డి దారిలో అక్కడి ఊరి దొర మనిషిని ఎవరో పొడిచి చంపారు. శవం దగ్గర దొరికిన చాకును ఠాణా అమీన్ సాబ్ తెచ్చి నా ముందు పడేశాడు. చూడగానే గుర్తుపట్టాను, అన్న చాకే. పిడి నా చేతి పనే.

"ఏం పిడిరా గిది? యాడిది?"

అలవాటు ప్రకారం సూది కాల్చి తాకించాను. వెంట్రుకల కంపు లేచింది. దాని అర్థం అమీన్‌కు తెలియదు.

"దుప్పి కొమ్ము సాబ్. విలాయతిది. ఈడ ఎవ్వరి దగ్గర ఉండది" అన్నాను.

ఇక ఎవరికీ చుట్టుకోదనుకున్నాను. ఎంత మూర్ఖుణ్ణి! దగ్గర్లోని రాజంపేటలో ఒక రాళ్ల మేస్త్రి ఉన్నాడు. నిజాంసాగర్ కట్టేటప్పుడు ఇంగ్లీషు ఇంజనీరు దొర తనకు దుప్పి కొమ్ము చాకు ఇచ్చాడని ఊరంతా గొప్పలు చెప్పుకునేవాడు. అమీన్ చూపమంటే అది కనబడలేదు. మేస్త్రిని పట్టుకుపోయారు.

అన్నను నేనేమీ అడగలేదు. అతను కామారెడ్డి రావడమే మానేశాడు.

వారం తర్వాత మేస్త్రి భార్య నా దుకాణానికి వచ్చింది. వెంట ఠాణా జవాను ఉన్నాడు. ఆమె కొంగు ముడి విప్పి చాకు తీసింది.

"ఇంటి చూరుల దొరికిందన్నా. మా ఆయన చాకు గిదే. దుప్పి కొమ్మేనని నువ్వంటె ఇడిసిపెడ్తరట. జర చూసి చెప్పు."

సూది తాకించాను. కాలిన ఎముక కంపు. అవునంటే మేస్త్రి ఇంటికి వస్తాడు. అప్పుడు మొదటి చాకు ఎవరిదన్న ప్రశ్న తిరిగి నా దగ్గరికి, నా మీదుగా అన్న దగ్గరికి వస్తుంది. సూది పక్కన పెట్టాను.

"బర్రెకొమ్ము" అన్నాను.

జవాను వెళ్లిపోయాడు. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననిపించింది. చాకును అటూ ఇటూ తిప్పి చూసుకుని, "గట్లనా అన్నా" అని మళ్లీ కొంగున కట్టుకుంది. నా మాట మీద ఆమెకు అంత గురి.

మేస్త్రి ఆ చలికాలం జైల్లోనే పోయాడు. ఇంజనీరు దొర తన మొగుణ్ణి మోసం చేసి బర్రెకొమ్ము చాకు అంటగట్టాడని ఆమె కనబడ్డవాళ్లందరికీ చెప్పేది. నాకు కూడా చెప్పింది. నేను తలూపాను.